కండరాలు బలహీనపడితే పళ్ల సంగతేమిటి?

బ్రష్షు పళ్లను శుభ్రం చేసేది రోజుకు నాలుగైదు నిమిషాలే. మిగిలిన సమయమంతా ఆ పని నాలుక, పెదవులు, బుగ్గలు, లాలాజలం కలిసి చేస్తాయి. ముద్ద నమిలాక పళ్ల సందుల్లోనూ చిగుళ్ల అంచునా చిక్కుకున్న మెతుకును నాలుక వెతికి బయటికి తీస్తుంది. బుగ్గ కండరం దాన్ని మళ్లీ పళ్ల మీదికి నెడుతుంది. లాలాజలం కడుగుతుంది, మింగుడుతో అంతా గొంతు దిగుతుంది. మనిషికి తెలియకుండానే జరిగిపోయే ఈ పనికి కండరాలు కావాలి. కండరాలో, వాటిని నడిపే నరాలో, రెండూ కలిసే చోటో దెబ్బతినే దీర్ఘకాలిక వ్యాధుల్లో ఈ శుభ్రత మందగిస్తుంది. అదే సమయంలో చేతిలో పట్టు తగ్గి బ్రష్షు తిప్పడమూ కష్టమవుతుంది. ఈ వ్యాధులు చాలావరకు పన్ను గట్టిదనాన్ని నేరుగా ఏమీ చేయవు. పళ్లు పాడయ్యేది శుభ్రత తప్పడం వల్ల, చికిత్స ఆలస్యం కావడం వల్ల. కాబట్టి ఇందులో ఎక్కువ భాగం ఆపగలిగిన నష్టమే.

ఈ వ్యాధుల్లో ఎక్కువగా వినిపించే పేరు డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ. 1860ల్లో ఫ్రెంచి వైద్యుడు డుషెన్ వివరంగా వర్ణించిన ఈ జబ్బు దాదాపు మగపిల్లలకే వస్తుంది. పుట్టే 3,500 నుంచి 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి ఉంటుందని అంచనా. కండర కణాల గోడను కాపాడే డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ తయారు కాకపోవడం దీనికి మూలం. మూడు నుంచి ఐదేళ్ల వయసులో మెట్లెక్కడానికి తడబడటం, కింద కూర్చున్న పిల్లవాడు మోకాళ్ల మీద చేతులు ఆన్చి పైకి లేవడం మొదట కనిపిస్తాయి. పన్నెండేళ్లు దాటేసరికి చాలామంది వీల్‌చైర్‌కు చేరతారు. తల్లి వైపు నుంచి వచ్చే లోపం అని తెలియగానే ఇళ్లలో నింద తల్లి మీద పడుతుంది. సుమారు మూడోవంతు పిల్లల్లో ఆ లోపం కొత్తగా పుట్టినదే, తల్లిలో ఉండదు. ఉన్నా అది ఆమె తప్పు కాదు.

స్పైనల్ మస్క్యులర్ అట్రఫీ, లింబ్ గర్డిల్ డిస్ట్రఫీలో ఎక్కువ రకాలు తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం అందినప్పుడు వస్తాయి. మేనరికాలు ఉన్న ప్రాంతాల్లో వీటి అవకాశం పెరుగుతుంది. పెద్దవాళ్లలో మయస్థీనియా గ్రావిస్, మయోటానిక్ డిస్ట్రఫీ, మోటార్ న్యూరాన్ వ్యాధి ఉంటాయి. పోలియో కూడా ఈ కుటుంబంలోదే. భారతదేశాన్ని 2014 మార్చిలో పోలియో రహితంగా ప్రకటించినా, చిన్నప్పుడు పోలియో సోకి ఒక చెయ్యో కాలో సన్నబడిన నడివయసు వాళ్లు పల్లెల్లో ఇంకా ఉన్నారు. వయసు పైబడేకొద్దీ వాళ్లలో కొందరికి కొత్తగా నీరసం మొదలవుతుంది.

నోట్లో ఒక్కో జబ్బు ఒక్కోలా బయటపడుతుంది. డుషెన్ ఉన్న పిల్లల్లో నాలుక పెద్దదవుతుంది, పెదవుల బిగువు తగ్గుతుంది. లోపలి నుంచి నాలుక నెడుతుంటే బయటి నుంచి ఆపే పెదవి, బుగ్గ కండరాలు బలహీనంగా ఉండటంతో పళ్ల వరస వెడల్పుగా విచ్చుకుంటుంది. నోరు మూసినా ముందు పళ్లు పైవీ కిందివీ కలవవు. ముద్ద నమలడానికి ఎక్కువసేపు పడుతుంది, నోటితో గాలి పీల్చడం అలవాటై చిగుళ్లు ఎండి వాస్తాయి. స్పైనల్ మస్క్యులర్ అట్రఫీలో దవడ బిగుసుకుపోయి నోరు తెరుచుకోవడమే తగ్గిపోవచ్చు. మయోటానిక్ డిస్ట్రఫీలో అంగిలి ఎత్తుగా, ఇరుకుగా ఉంటుంది, ముఖ కండరాలు సన్నబడతాయి, దవడ కీలు జారే ప్రమాదం ఉంటుంది, పిప్పిపళ్లూ ఎక్కువే. మోటార్ న్యూరాన్ వ్యాధిలో మింగలేక చొంగ కారుతుంది. దాన్ని తగ్గించడానికి ఇచ్చే మందులు నోటిని ఎండబెడతాయి, ఎండిన నోట్లో పళ్లు త్వరగా పుచ్చుతాయి.

మయస్థీనియా గ్రావిస్ తీరు వేరు. నరం పంపే సందేశాన్ని కండరం అందుకునే చోట శరీరంలోని రక్షణ వ్యవస్థే అడ్డుపడుతుంది. పొద్దున బాగున్న మనిషికి సాయంత్రానికి కనురెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది. భోజనం మొదట్లో బాగానే నమిలిన దవడ సగం అన్నం అయ్యేసరికి అలిసిపోతుంది. రోగి గడ్డం కింద చెయ్యి పెట్టి దవడను పైకి ఆనించుకుని కూర్చుంటాడు. చూసేవాళ్లకు అది ఏదో ఆలోచనలో ఉన్నట్టు కనిపిస్తుంది. పన్ను పాడైందేమోనని ముందు పంటి డాక్టర్ దగ్గరికే వెళ్లేవాళ్లూ ఉంటారు. పళ్లన్నీ గట్టిగా ఉండి, నమిలేకొద్దీ మాత్రమే దవడ అలిసిపోతుంటే అనుమానించాల్సింది నరాల జబ్బును. పైగా మాట ముద్దవుతున్నా, కనురెప్ప వాలుతున్నా పన్ను పీకే ముందు న్యూరాలజిస్టుకు చూపించడం తప్పనిసరి.

ఇవన్నీ ప్రపంచంలో ఎక్కడైనా ఒకటే. ఆంధ్రప్రదేశ్‌లోని త్రిపురాంతకం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలకు వచ్చేసరికి దీనికి నీళ్లలోని ఫ్లోరైడ్ సమస్య తోడవుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ ఉందని 1937లో షార్ట్, ఆయన సహచరులు వైద్య పత్రికలో ప్రచురించారు. దేశంలో ఈ జబ్బు మీద వచ్చిన తొలి నివేదికల్లో అది ఒకటి, వాళ్లు పరిశీలించినవి అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలు. ఆ జిల్లాకు చెందిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు, కర్నూలు జిల్లాకు చెందిన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కలిసే 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాకు పడమటి భాగమయ్యాయి. ఇక్కడి బోరునీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిదనీ, వేరే గతి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు ఓర్చుకోవచ్చనీ భారత ప్రమాణాలు చెబుతాయి. ఎనిమిదేళ్ల లోపు, చిగురు కింద పన్ను తయారయ్యే వయసులో అంతకు మించిన ఫ్లోరైడ్ శరీరంలోకి వెళితే పన్ను పైపొర సరిగా గట్టిపడదు. తెల్లటి సుద్ద మచ్చలతో మొదలై పసుపు, గోధుమ రంగు చారలు పడతాయి. తీవ్రమైతే పన్ను గుంటలు పడి పెచ్చులు ఊడుతుంది.

కండరాల జబ్బున్న పిల్లవాడికి దీనివల్ల రెండు చిక్కులు. ఒకటి, ఇలా మచ్చలు పడిన పళ్లు ఊరందరికీ ఉన్నవే కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. ఫ్లోరైడ్ మచ్చ పక్కనే పుడుతున్న పిప్పిని కూడా ఊరి నీళ్ల ఖాతాలోనే వేసేస్తారు. ఫ్లోరైడ్ మచ్చ సాధారణంగా రెండు వైపుల పళ్ల మీదా ఒకేలా, నునుపుగా ఉంటుంది. పిప్పి ఒక పన్ను మీద, చిగురు అంచునో నమిలే గుంటలోనో మెత్తగా ఉంటుంది, అన్నం ఇరుక్కుంటుంది. తేడా తల్లి కంటికి దొరుకుతుంది, కాకపోతే పెదవి ఎత్తి వెలుతురులో చూడాలి.

రెండోది ఇంకా ముఖ్యమైనది. నోరు సరిగా శుభ్రం కాని రోగులకు ఎక్కువ ఫ్లోరైడ్ వాడమని దంతవైద్య గ్రంథాలన్నీ చెబుతాయి. పేస్టు ఉమ్మలేక మింగేసే పిల్లవాడికి, అప్పటికే నీళ్లలో ఫ్లోరైడ్ తాగుతున్న ఊళ్లో, అదే సలహా ఇవ్వవచ్చా? లెక్క వేసి చూస్తే భయం తగ్గుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు రోజుకు రెండు లీటర్లు తాగితే ఒంట్లోకి చేరేది 6 మిల్లీగ్రాములు. 1000 పీపీఎం ఫ్లోరైడ్ పేస్టు బియ్యపు గింజంత తీసుకుని మొత్తం మింగేసినా చేరేది 0.1 మిల్లీగ్రాము. అంటే పేస్టు మానేయడం వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు, పళ్లకు ఉన్న కాపలా మాత్రం పోతుంది. మార్చాల్సింది నీళ్లు. పిల్లవాడు తాగే నీళ్లూ, అన్నం, పప్పు వండే నీళ్లూ ఫ్లోరైడ్ తీసినవై ఉండాలి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ యంత్రం తీసేస్తుంది. పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతి కూడా ఉంది. పేస్టు మాత్రం గింజంతే. బ్రష్షు పొడుగునా పేస్టు పరచడం టీవీ ప్రకటనల అలవాటు, ఈ పిల్లలకు అది పనికిరాదు.

ఈ ప్రాంతానికి నిజమైన పరిష్కారం శ్రీశైలం కృష్ణా నీళ్లు. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు నల్లమల కొండల కింద సొరంగాలతో తలపెట్టింది ఆ నీళ్లను తేవడానికే. ఆ నీరు ప్రతి ఇంటి కుళాయికి చేరేదాకా కండరాల జబ్బున్న మనిషి ఇంట్లో ఆర్‌ఓ క్యాను మందులతో సమానమైన అవసరం.

పెద్దవాళ్లలో ఫ్లోరైడ్ ఎముకలకూ ఎక్కుతుంది. మెడ, నడుము బిగుసుకుపోతాయి, వెన్నుపూసల మధ్య నరాలు నలిగి కాళ్లు బలహీనపడతాయి. హైదరాబాద్ న్యూరో సర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఈ నరాల ఇబ్బందుల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. అలాంటి రోగిని దంతవైద్యుడు కుర్చీలో వెనక్కి వాల్చి మెడను బలవంతంగా వంచకూడదు. మెడ ఎంతవరకు తిరిగితే అంతవరకే, కింద దిండు పెట్టి పని చేయాలి.

ఇంట్లో పళ్లు తోమడం దగ్గరికి వస్తే, పల్లెల్లో ఇప్పటికీ వేపపుల్ల, పళ్లపొడి వాడేవారున్నారు. వేపపుల్ల నమిలి కుంచెలా చేయడానికి దవడలో బలం కావాలి, దాన్ని వెనక పళ్లదాకా తిప్పడానికి మణికట్టు కావాలి. రెండూ తగ్గిన మనిషికి అది సాధనం కాదు. బూడిద, ఇటుక పొడి లాంటివి ఫ్లోరైడ్‌తో మెత్తబడిన పైపొరను ఇంకా అరగదీస్తాయి. మెత్తటి కుచ్చున్న చిన్న తల బ్రష్షు కావాలి. చేతిలో పట్టు తక్కువైతే బ్రష్షు కాడకు సైకిల్ హ్యాండిల్ రబ్బరు తొడిగినా, పాత గుడ్డ లావుగా చుట్టి దారంతో కట్టినా చాలు. మోచేతులు బల్ల మీద ఆన్చితే భుజం ఎత్తాల్సిన పని లేకుండా చెయ్యి నోటికి అందుతుంది. స్తోమత ఉంటే బ్యాటరీ బ్రష్షు మంచిది, అది తనంతట తాను కదులుతుంది కాబట్టి ఊరికే పట్టుకుంటే సరిపోతుంది. మయస్థీనియా ఉన్నవాళ్లు మందు వేసుకున్న గంటకు తోముకుంటే చేతిలో సత్తువ ఉంటుంది.

తనంతట తాను తోముకోలేని రోగికి ఇంట్లోవాళ్లు చేయాలి. ఎదురుగా నిలబడి చేస్తే తల వెనక్కి పోతుంది, పేస్టు నురగ గొంతులోకి జారి పొలమారుతుంది. కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నిలబడి, రోగి తలను తన పొట్టకో ఛాతీకో ఆనించుకోవాలి. ఎడమ చేత్తో గడ్డం పట్టి, తల కొద్దిగా ముందుకు వంచి ఉంచాలి. అదే చేతి బొటనవేలితో పెదవిని పక్కకు తీస్తే పన్ను, చిగురు కలిసే గీత కనబడుతుంది. బ్రష్షు కుచ్చు సగం పన్ను మీద, సగం చిగురు మీద ఉండేలా పెట్టి చిన్న చిన్న వలయాలుగా తిప్పాలి. బయటి వైపు అయ్యాక లోపలి వైపు, ఆ తర్వాత నమిలే తలం. నురగ తక్కువ వచ్చే పేస్టు వాడాలి. పుక్కిలించమని నీళ్లు పోయకూడదు, తడి గుడ్డతో తుడిచేయాలి. నోరు తెరిచి ఉంచలేని వాళ్లకు పళ్ల మధ్య శుభ్రమైన గుడ్డ మడత పెట్టుకోవచ్చు. పళ్ల మధ్య వేలు పెట్టకూడదు, దవడ ఒక్కసారిగా బిగుసుకుంటే వేలు తెగుతుంది. మంచం పట్టిన మనిషిని పక్కకు తిప్పి, తల కింద తువ్వాలు వేసి చేయాలి. వెల్లకిలా పడుకోబెట్టి ఎప్పుడూ చేయకూడదు.

రోజుకు రెండుసార్లు చేయడం కుదరకపోతే రాత్రి పూట ఒక్కసారి తప్పనిసరి. పొద్దున మొహం కడిగేటప్పుడు తోమి రాత్రి వదిలేసే అలవాటు మన ఇళ్లలో ఎక్కువ. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, బుగ్గలో మిగిలిన మెతుకు రాత్రంతా అక్కడే పులుస్తుంది. అందుకే రాత్రి అన్నం తిన్నాక, పాలు తాగాక బుగ్గ లోపల వేలికి గుడ్డ చుట్టి ఒకసారి తీసి చూడాలి. ఎంత మెతుకు మిగిలి ఉంటుందో చూశాక తల్లిదండ్రులు ఈ పని మళ్లీ మానరు.

ముక్కు గొట్టం ద్వారానో, పొట్టకు పెట్టిన గొట్టం ద్వారానో ఆహారం తీసుకునేవాళ్ల పళ్లు తోమక్కర్లేదన్న నమ్మకం చాలామందిలో ఉంది. అది ప్రమాదకరమైన నమ్మకం. నోటితో తినని వాళ్లలో నమిలే ఒరిపిడి ఉండదు, లాలాజలం కదలదు, గార మామూలు వాళ్లకంటే త్వరగా పేరుకుంటుంది. ఆ గారలోని సూక్ష్మజీవులు చొంగతో పాటు ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. దగ్గే బలం లేని మనిషికి ఆ న్యుమోనియా ప్రాణాంతకం కావచ్చు. కండరాల జబ్బుల్లో మరణానికి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ ఒక ప్రధాన కారణం. నోటి శుభ్రత అంటే పళ్ల అందం గురించిన సంగతి కాదనడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు. ముఖానికి మాస్కు పెట్టే బైపాప్ యంత్రం వాడేవాళ్లకు నోరు ఎండిపోతుంది కాబట్టి పెదవులకూ నోటికీ తడి గుడ్డ అవసరం.

దంతవైద్యుడి దగ్గరికి వెళ్లాల్సింది నొప్పి వచ్చినప్పుడు కాదు, జబ్బు పేరు తెలిసినప్పుడు. తొలి ఏళ్లలో రోగి కుర్చీ ఎక్కగలడు, నోరు తెరవగలడు, వెనక్కి వాలి ఊపిరి పీల్చగలడు. పుచ్చిన పన్ను నింపడం, లోపల ఇరుక్కున్న జ్ఞానదంతం తీయడం, గార తీయడం అప్పుడే పూర్తిచేయాలి. పదేళ్ల తర్వాత అదే పన్ను తీయాలంటే పెద్దాసుపత్రి, మత్తు డాక్టర్, ఐసీయూ పడక కావాల్సి రావచ్చు. ఆరు నెలలకోసారి చూపించడం మంచిది, వ్యాధి ముదిరితే మూడు నెలలకోసారి.

ఆసుపత్రిలో సమయం, కూర్చునే తీరు రెండూ మాట్లాడుకోవాలి. పొద్దున పూట, మయస్థీనియా రోగికైతే ఆ జబ్బుకు వాడే పిరిడోస్టిగ్మిన్ వేసుకున్న గంట తర్వాత, తక్కువ సేపు పని పెట్టుకోవాలి. కుర్చీని పూర్తిగా వాల్చకూడదు, సగం ఎత్తుగానే ఉంచాలి. ఉమ్ము పీల్చే గొట్టం ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. కింది దవడ రెండు వైపులా ఒకే రోజు మత్తు ఇస్తే నాలుక, గొంతు అదుపు ఇంకా తగ్గుతుంది, అందుకని ఒక్కో వైపు ఒక్కో రోజు చేయడం క్షేమం. లిగ్నోకెయిన్ మత్తు తగు మోతాదులో సాధారణంగా ఇబ్బంది పెట్టదు. వీల్‌చైర్ నుంచి దింపలేని వాళ్లకు అందులోనే పని చేయవచ్చు. చాలా ఊళ్లలో దంతవైద్యశాలలు మందుల దుకాణం మీద మొదటి అంతస్తులో ఉంటాయి, ఇరుకు మెట్లు. వెళ్లే ముందు ఫోను చేసి కింది గదిలో చూడగలరా అని అడగడం మొహమాటపడాల్సిన సంగతి కాదు.

అసలు ప్రమాదం మందుల దగ్గర ఉంది. పన్ను వాచి బుగ్గ ఉబ్బితే పల్లెలో ముందు పిలిచేది ఊళ్లోని ఆర్‌ఎంపీని, లేదా మెడికల్ షాపులో అడిగి రెండు మాత్రలు తెచ్చుకుంటారు. పంటి నొప్పికి ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్ర, అజిత్రోమైసిన్, లేదా జెంటామైసిన్ ఇంజెక్షన్ ఇవ్వడం మామూలే. మామూలు మనిషి వీటిని తట్టుకోవచ్చు. మయస్థీనియా రోగికి ఇవే ఊపిరి ఆడకుండా చేయవచ్చు. జెంటామైసిన్, అమికాసిన్ జాతి, సిప్రోఫ్లాక్సాసిన్, లివోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ జాతి, అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ జాతి, ఈ మూడూ నరం నుంచి కండరానికి వెళ్లే సందేశాన్ని ఇంకా అడ్డుకుంటాయి. మెగ్నీషియం ఇంజెక్షన్ కూడా అంతే. అలర్జీ లేకపోతే అమాక్సిసిలిన్ సాధారణంగా వాడుకోదగినది. పన్ను వాపు దానంతట అదే మయస్థీనియాను ముదిరేలా చేస్తుంది కాబట్టి మందు మానుకుని ఓర్చుకోవడం కూడా దారి కాదు. సరైన మందు, త్వరగా కావాలి. వాపుతో పాటు మింగలేకపోవడం, మాట తేలిపోవడం, పడుకుంటే ఆయాసం వస్తే 108కు ఫోను చేయాలి, మర్నాటిదాకా ఆగకూడదు.

ఆర్‌ఎంపీలను తిట్టి లాభం లేదు. అర్ధరాత్రి పలికే మనిషి ఊళ్లో వాళ్లే. ఈ మూడు జాతుల మందుల పేర్లు వాళ్లకు, ఆశా కార్యకర్తలకు, మెడికల్ షాపు వాళ్లకు తెలిసేలా చేయడం ప్రాణం కాపాడే పని.

డుషెన్ పిల్లల మందుల చిక్కులు వేరు. వాళ్లు ఏళ్ల తరబడి ప్రెడ్నిసొలోన్, డెఫ్లజాకార్ట్ లాంటి స్టెరాయిడ్లు వాడతారు. వాటివల్ల నోట్లో తెల్లటి బూజు పూత రావచ్చు, గాయం మానడం ఆలస్యమవుతుంది. పన్ను తీసే రోజు పిల్లవాడు ఖాళీ కడుపుతో ఉన్నాడని స్టెరాయిడ్ మాత్ర వేయకుండా తీసుకెళ్లకూడదు, ఆ మందు ఒక్కసారిగా ఆగితే రక్తపోటు పడిపోవచ్చు. స్టెరాయిడ్‌తో ఎముకలు పెళుసై, వాటిని గట్టిపరచడానికి జోలెడ్రోనిక్ ఆమ్లం లాంటి ఇంజెక్షన్లు ఇస్తారు. ఆ ఇంజెక్షన్లు మొదలయ్యాక పన్ను తీస్తే దవడ ఎముక మానకుండా కుళ్లే ప్రమాదం ఉంది. అందుకే ఇంజెక్షన్‌కు ముందే పంటి పనులన్నీ ముగించాలి. పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తే సక్సినైల్‌కోలిన్ అనే మందు ఈ పిల్లలకు ఇవ్వకూడదు. అది కండరాల నుంచి పొటాషియాన్ని రక్తంలోకి వదిలి గుండెను ఆపేయగలదు. పీల్చే మత్తు వాయువులూ చాలావరకు కూడవు. గుండె కండరం కూడా బలహీనపడే జబ్బు కాబట్టి ఎకో పరీక్ష లేకుండా మత్తుకు ఒప్పుకోకూడదు.

అన్నిటికీ డ్రిల్లు, మత్తు అక్కర్లేదన్నది ఊరటనిచ్చే సంగతి. సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ అనే ద్రావణాన్ని పిప్పి మీద చిన్న కుంచెతో ఒక నిమిషం అద్దితే చాలావరకు పిప్పి అక్కడితో ఆగుతుంది. పిప్పి ఉన్నచోట పన్ను నల్లబడుతుంది, ఆ సంగతి ముందే చెప్పాలి. చేతి పనిముట్లతో మెత్తబడిన భాగం గీకేసి గ్లాస్ అయనోమర్ సిమెంటుతో నింపే పద్ధతి 1980ల్లో కరెంటు లేని టాంజానియా పల్లెల కోసం పుట్టింది. వీల్‌చైర్‌లోనే, ఇంట్లోనే చేయవచ్చు. మూడు నుంచి ఆరు నెలలకోసారి పూసే ఫ్లోరైడ్ వార్నిష్ పన్ను మీదే అంటుకుని ఉంటుంది, మోతాదు చాలా తక్కువ కాబట్టి ఫ్లోరోసిస్ ప్రాంతంలోనూ డాక్టర్ సలహాతో వాడవచ్చు. ఫ్లోరైడ్ మచ్చలున్న పైపొర మీద రెజిన్ ఫిల్లింగు సరిగా అంటదు, అందుకు ఎక్కువసేపు ఆమ్లం పూయాల్సి వస్తుందన్న సంగతి ఇక్కడి దంతవైద్యులకు అనుభవమే.

త్రిపురాంతకం నుంచి మామూలు పంటి పనికి మార్కాపురానికో వినుకొండకో బస్సెక్కాలి. గుండె, ఊపిరితిత్తులు బలహీనపడిన రోగికి పన్ను తీయాలంటే మత్తు డాక్టర్లు, ఐసీయూ ఉన్న చోటే చేయించాలి. ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ అలాంటివి. విజయవాడ, కడపల్లో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నాయి. కండరాల జబ్బు నిర్ధారణకు హైదరాబాద్ నిమ్స్, బెంగళూరు నిమ్‌హాన్స్‌కు వెళ్లేవాళ్లు పంటి పనులకు జాగ్రత్తలు కూడా అక్కడి డాక్టర్ల చేత రాయించుకుని రావడం తెలివైన పని, అంత దూరం మళ్లీ వెళ్లాల్సిన అవసరం తప్పుతుంది.

ప్రయాణ ఖర్చుకు చట్టం కొంత దారి చూపుతుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో మస్క్యులర్ డిస్ట్రఫీ ఉంది. దివ్యాంగుల గుర్తింపుకు ఇచ్చే యూడీఐడీ కార్డు తీసుకుంటే రాయితీలకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద తీవ్రమైన మస్క్యులర్ డిస్ట్రఫీ ఉన్నవాళ్లకు నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. పింఛను ఇవ్వడానికి ప్రతి నెలా సచివాలయ సిబ్బంది మంచం దగ్గరికే వస్తారు. దంతవైద్యుడు కూడా ఏడాదికి రెండుసార్లు ఆ మంచం దగ్గరికే రావడం అసాధ్యమేమీ కాదు. అద్దే ద్రావణం, చేతి పనిముట్లు, చిన్న టార్చి ఒక సంచిలో పడతాయి. మండలంలో ఎవరింట్లో ఇలాంటి రోగి ఉన్నాడో పింఛను జాబితాలోనే ఉంది.

అప్పటిదాకా ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఒకటుంది. అరచేతిలో పట్టే అట్ట మీద తెలుగులోనూ ఇంగ్లిషులోనూ జబ్బు పేరు, రోజూ వాడే మందులు, ఇవ్వకూడని మందులు, న్యూరాలజిస్టు ఫోను నంబరు రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి రోగి జేబులో ఉంచాలి. డుషెన్ పిల్లవాడైతే సక్సినైల్‌కోలిన్ ఇవ్వకూడదని, మయస్థీనియా అయితే పైన చెప్పిన మూడు జాతుల మందుల పేర్లు అందులో పెద్ద అక్షరాలతో ఉండాలి. పంటి డాక్టర్ అయినా, ఆర్‌ఎంపీ అయినా, 108 సిబ్బంది అయినా, సిరంజి తీసే ముందు ఆ అట్ట చూపించండి.